మెడ తిరిగే పానా

ఒక్క బోల్టు మీద కోపంతో మూడు పానాలు కొన్నాను. నాలుగోది కొనకుండా నన్ను ఆపింది మా ఆవిడ కాదు, ఆ రోజు మణుగూరులో కొట్టు మూసి ఉండడం.

నేను పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టర్ని. పినపాకలో ఇల్లు, రెండెకరాల మిర్చి, ఓ పాత జీపు, పన్నెండు కోళ్ళు. పొద్దున్నే కోళ్ళ గూడు తెరవడంతో నా ఉద్యోగం మొదలవుతుంది, తెరవగానే అయిపోతుంది. మిగతా రోజంతా ఖాళీ. జీపుకి క్లచ్ ప్లేటు అరిగిపోయిందని తెలిసినప్పుడు, నిజం చెప్పొద్దూ, లోపల్లోపల సంతోషించాను.

ఏడూళ్ల బయ్యారం క్రాస్‌రోడ్డులో ఉన్న మా మేస్త్రికి కబురు పెట్టాను. అతను నా దగ్గరే తొమ్మిదో తరగతి చదివాడు. చదివాడనడం కంటే బెంచీ ఎక్కి నిలబడ్డాడనడం సరైన మాట. "మిర్చి కోతలు సారూ, ట్రాక్టర్లన్నీ లైన్ల ఉన్నయ్, పది రోజులు ఆగాలె" అన్నాడు. పది రోజులా? సంగారెడ్డి కుర్రాళ్ళకీ ఖమ్మం కుర్రాళ్ళకీ న్యూటన్‌ని పరిచయం చేసినవాణ్ణి, ఓ గేరుబాక్సు దింపలేనా? పైగా మా అబ్బాయి హైదరాబాదు నుంచి నా రిటైర్మెంటుకని పంపిన సాకెట్ సెట్టు, మూత తీయని పెళ్ళి కానుకలా బీరువా మీదే ఉంది.

ఇంజనుకి గేరుబాక్సుని పట్టి ఉంచే బోల్టులు చుట్టూరా ఆరు. మొదటి రోజు మధ్యాహ్నానికే అయిదు వచ్చేశాయి. ఆరోది పైన, వెనక రేకుకీ గేరుబాక్సుకీ మధ్య సందులో ఉంది. కంటికి కనపడదు. జీపు కింద వెల్లకిలా పడుకుని, చెయ్యి మోచేతి దాకా దూర్చి, చూపుడు వేలి కొసతో తడిమితే తగిలింది. గుండ్రంగా తగిలింది. పాపం, పాత బోల్టు, అంచులన్నీ అరిగి గుండ్రమైపోయిందనుకున్నాను.

తిన్నగా ఉండే సాకెట్టు ఆ సందులోకి పోదు. పొడవాటి ఎక్స్‌టెన్షన్ రాడ్ కింద నుంచి పంపి, చివర్లో మెడ తిప్పే కీలు పెట్టి, దానికి సాకెట్టు తగిలించాలి. మణుగూరు వెళ్ళి ఆ మాటే కొట్టతనికి చెప్పాను. అతను నన్ను ఎగాదిగా చూసి, "గన్ ఉందా సార్?" అన్నాడు.

మా ఏజెన్సీలో ఒకప్పుడు ఎవరైనా ఈ ప్రశ్న అడిగితే, జవాబు చెప్పే ముందు అటూ ఇటూ చూసుకోవాల్సి వచ్చేది. అతను అడిగింది గాలితో బోల్టులు విప్పే ఇంపాక్ట్ గన్ గురించట. దానికి నల్లటి సాకెట్లు వాడాలి, మెరిసే క్రోమ్ సాకెట్లు చేతిపానాకే. గన్ దెబ్బకి అవి పగిలి ముక్కలు మొహాన పడొచ్చు. ఓపెన్‌కాస్ట్ గనుల్లో వంద టన్నుల డంపర్లు విప్పే ఊరు కదా, అతనికి గిరాకీ అంతా నల్లవాటిదే. "గన్ లేదు, పెన్షన్ ఉంది" అన్నాను. మెరిసేది ఇచ్చాడు.

మొదటిది పిన్ను రకం. రెండు కొమ్ములు, వాటి మధ్య చిన్న దిమ్మ, అడ్డంగా రెండు పిన్నులు. ఇది మనకి కొత్త కాదు. రోటావేటర్ వెనక తిరిగే షాఫ్టుకి రెండు చివర్లా ఉండే క్రాస్ జాయింటే ఇది, చిట్టి రూపంలో. 1676లో రాబర్ట్ హుక్ అనే ఇంగ్లీషాయన సూర్యుణ్ణి కళ్ళు చెడకుండా చూసే పరికరాల మీద ఓ పుస్తకం వేసి, అందులో దీన్ని వివరించి, యూనివర్సల్ జాయింట్ అని పేరు కూడా పెట్టాడు. స్ప్రింగు ఎంత లాగితే అంత సాగుతుందన్న హుక్ నియమం కూడా ఆయనదే. ముప్ఫై ఏళ్ళు ఆ నియమం చెప్పాను. దాని యజమాని నా జీపు కింద ఇంకో వేషంలో దొరుకుతాడనుకోలేదు.

ఈ పిన్ను రకానికి ఓ కుంటితనం ఉంది. మెడ వంచితే, నువ్వు ఎంత సమానంగా తిప్పినా అవతలి కొస సమానంగా తిరగదు. 30 డిగ్రీలు వంచితే ఒక్క చుట్టులోనే వేగం 87 శాతానికి పడి, 115 శాతానికి ఎగబాకుతుంది. 45 డిగ్రీలకైతే 71, 141. రోటావేటరుకి రెండు జాయింట్లు, వాటి కొమ్ములు ఒకే వరసలో ఉండేలా పెట్టేది అందుకే. ఒకదాని కుంటితనం రెండోది సరిచేస్తుంది. వరస తప్పి బిగిస్తే షాఫ్టు దడదడలాడి పొలమంతా వినపడుతుంది. ఈ లెక్క జీపు కింద పడుకుని, చాక్‌పీసుతో ఛాసిస్ మీద వేసి చూసుకున్నాను. తృప్తిగా అనిపించింది. బోల్టు మాత్రం రాలేదు.

రాకపోవడానికి కారణం లెక్క కాదు, ఆ మెడ నిలవకపోవడం. మధ్యాహ్నం పిరియడులో వెనక బెంచీ పిల్లాడి తలలా వాలిపోతుంది. ఒక చేత్తో రాడ్ తోస్తూ, ఇంకో చేత్తో దాని గడ్డం పట్టి లేపాలి. అంత చోటే ఉంటే ఈ పానా ఎందుకు? సైకిల్ ట్యూబు ముక్క కోసి కీలు మీద తొడిగాను. ఇది మేస్త్రీలందరికీ తెలిసిన ఉపాయం, నాకు మాత్రం రెండో రోజు సాయంత్రం తట్టింది. తల నిలబడింది. సాకెట్టు వెళ్ళి గుండ్రటిదాని మీద కూచుంది. తిప్పితే సర్రున జారింది.

సరే, స్ప్రింగు రకం. కీలు లోపలే స్ప్రింగు ఉండి, ఎటు వంచితే అటే నిలుస్తుంది. మాట వింటుంది. హుక్ గారి జాయింటూ, స్ప్రింగు నియమమూ ఒకే పానాలో కాపురం చేస్తున్నాయన్నమాట. తెచ్చి పెట్టాను. చక్కగా వెళ్ళి కూచుంది. జారింది.

అప్పుడు జ్ఞానోదయమైంది. లోపం మెడది కాదు, నోటిది. నా సాకెట్లన్నీ పన్నెండు అంచులవి. అరిగిన బోల్టుని పట్టాలంటే ఆరు అంచులది కావాలి. అది మూలలని వదిలి పక్కగోడలని కౌగిలించుకుంటుంది. మళ్ళీ మణుగూరు. ఈసారి గుండు రకం: సాకెట్టూ కీలూ ఒకే ముక్క, లోపల గోళీ లాంటి గుండు మీద తిరుగుతుంది. పొట్టిది కాబట్టి ఇరుకు సందులో సుఖం. మెడ అంత ఎక్కువ వంగదు గానీ, వంగినంత మేరా బలంగా ఉంటుంది. ఈ మూడింట్లోనూ నాకు నచ్చింది ఇదే. ఎవరడిగినా ఇదే కొనమంటాను. అసలు ఏ రకమైనా మెడ ఎంత తక్కువ వంచితే అంత మంచిది. బాగా వంచితే మన బలం సగం పక్కకి పోయి, సాకెట్టుని బోల్టు మీంచి నెట్టేస్తుంది. కొత్తగూడెంలో ఉన్న స్టేషనుకి భద్రాచలం రోడ్ అని పేరు పెట్టినట్టు, పేరొక దిక్కు, దిగేది ఇంకో దిక్కు.

ఆరు అంచుల గుండు సాకెట్టు కూడా జారింది.

మా మణుగూరు, పినపాక మండలాల మధ్య 270 మెగావాట్లవి నాలుగు యూనిట్లతో భద్రాద్రి థర్మల్ కేంద్రం కట్టారు. అక్కడ ఎన్ని లక్షల బోల్టులు బిగించి ఉంటారో! ఒక్కటి విప్పలేక నేను మూడో రోజు కూడా మట్టిలో పడుకున్నాను. కొట్టతను ఫోనులో నాలుగో మార్గం చెప్పాడు: వాబుల్ ఎక్స్‌టెన్షన్. అందులో కీలే ఉండదు, రాడ్ చివరి చదరాన్ని కాస్త గుండ్రంగా చెక్కుతారు, ఓ పదిహేను డిగ్రీలు ఊగుతుంది. "రేపు కొట్టు తెరవం సార్, ఎల్లుండి రండి" అన్నాడు.

ఎల్లుండి రాకముందే మేస్త్రి వచ్చాడు. పక్క చేలో ట్రాక్టరు చూసి పోతూ, జీపు కింద నుంచి బయటికున్న నా కాళ్ళు గుర్తుపట్టాడు.

"ఏం తీస్తున్నరు సారూ?"

"ఆరో బోల్టురా."

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత గొంతుక్కూచుని, కిందికి తొంగి చూసి, తొమ్మిదో తరగతిలో హోంవర్కు అడిగినప్పుడు పెట్టిన మొహమే పెట్టాడు.

"అది లేదు సారూ."

"లేకపోవడమేంట్రా, వేలికి తగులుతుంటే?"

"అది దిమ్మ సారూ, పోతలనే వచ్చింది. ఎనిమిదేండ్ల కింద గేరుబాక్సు దింపినప్పుడు, ఎక్కించేటప్పుడు చెయ్యి పట్టలే. అయిదుతోని వదిలేసిన."

"ఎనిమిదేళ్ళు అయిదు బోల్టుల మీద తిరిగానా? మరి ఇదెందుకు ఊడి రావట్లేదు?"

"డోవెల్ పిన్నులు తుప్పు పట్టి ఉంటయ్." పలుగు మొన అంచున పెట్టి, ఓ నొక్కు నొక్కాడు. టక్కుమంది. గేరుబాక్సు వెనక్కి జరిగింది. నేలమీద వరసగా పేర్చి ఉన్న నా మూడు పానాలని చూశాడు. గుండు రకాన్ని తీసుకుని మెడ అటూ ఇటూ తిప్పి, "మంచిది సారూ ఇది" అని జేబులో వేసుకున్నాడు. అడిగే ధైర్యం నాకు లేదు.

"మరి ఆ బోల్టేం చేశావురా?"

"పారేయలే సారూ. కాయితంల చుట్టి అమ్మకిచ్చిన."

గుమ్మంలో నిలబడి అంతా వింటున్న మా ఆవిడ అంది: "కోళ్ళ గూడు గడియకి పెట్టానుగా. రిటైరైన దగ్గర్నుంచీ రోజూ పొద్దున మీరే తీస్తున్నారు. చేత్తో."