కడుపునొప్పికి టైంటేబుల్

బడికి వెళ్ళే పిల్లల కడుపునొప్పి మీద వైద్యశాస్త్రం ఎందుకో దృష్టి పెట్టలేదు. అది పొద్దున ఎనిమిదిన్నరకు మొదలవుతుంది. ప్రార్థన గంట వేళకు పిల్లవాడు మెలికలు తిరిగిపోతాడు. పదింటికల్లా పూర్తిగా నయమై, గోలీలు జేబులో పోసుకుని వీధిలోకొస్తాడు. ఆదివారాలూ దసరా సెలవులూ ఈ జబ్బు జోలికి రావు. అనంతపురం జిల్లాలో ఒక పల్లె ప్రాథమిక పాఠశాలలో, ఐదు తరగతులకూ కలిపి ఉన్న ఇద్దరు పంతుళ్ళలో ఒకడిగా నేను తేల్చిన సంగతి ఇది. ఎవరైనా డాక్టరేటు ఇస్తానంటే మొహమాటపడను.

రాకపోవడానికి ఒక్క కడుపే కారణమని కాదు. శెనక్కాయ పీకే కాలంలో ఇంట్లో చంటిదాన్ని ఎవరో ఒకరు ఎత్తుకోవాలి. అది న్యాయమైన కష్టం, దాని మీద జోకులు వేయను. మేనత్త కొడుకు పెళ్ళి ఒకరోజే కానీ, పెళ్ళికి పోయినవాళ్ళు ఊరు చేరడానికి వారం పడుతుంది. తిరుపతిలో తలనీలాలు ఇచ్చినవాడైతే గుండు చూసి నవ్వుతారని, జుట్టు మొలిచేదాకా ఇంట్లోంచి కదలడు. అడగడానికి వెళితే వాళ్ళమ్మ చాటలో బియ్యం చెరుగుతూనే, "రేపట్నించి తోలతా సార్" అంటుంది. ఆ రేపు ఏ క్యాలెండర్‌లోనూ ఉండదు.

ప్రభుత్వాలు తమ ప్రయత్నం తాము చేశాయి. 2020 జనవరిలో అమ్మ ఒడి పథకం మొదలైనప్పుడు తల్లి ఖాతాలో ఏడాదికి 15,000 రూపాయలు, అందుకు పిల్లల హాజరు 75 శాతం ఉండాలన్నారు. మేం ఐదో తరగతిలో గొంతు చించుకున్నా ఎక్కని శాతాలు ఊళ్ళో అమ్మలందరికీ రాత్రికి రాత్రి వచ్చేశాయి. "నూటికి డెబ్బై ఐదే గదా సార్. మిగతా ఇరవై ఐదు మావే గదా?" అని ఒకావిడ నన్ను నిలదీసింది. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు. అందులో నాలుగో వంతంటే 50 రోజులు. నాకే అన్ని సీఎల్‌లు లేవు.

డబ్బు తల్లికి, గుడ్డు పిల్లవాడికి. ఈ రెంటిలో మా బడిలో గుడ్డుకే పలుకుబడి ఎక్కువ. మధ్యాహ్న భోజనంలో వారానికి ఐదు రోజులు గుడ్డు పెడతారు. శనివారం ఉండదు. శనివారం హాజరుపట్టీ చూస్తే ఆ సంగతి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది.

పిల్లల్ని వేళకు బడికి రప్పించడం కొత్త తలనొప్పేమీ కాదు. 1823లో బళ్ళారి కలెక్టరు ఏ.డి. క్యాంబెల్ తన జిల్లా బడుల మీద ఒక నివేదిక రాశాడు. అనంతపురం అప్పుడు బళ్ళారి జిల్లాలోనే ఉండేది, 1882లో గానీ వేరుపడలేదు. కాబట్టి ఆయన రాసింది మా ముత్తాతల బడి గురించే అనుకుంటాను. తెల్లవారి ఆరింటికే బడి. అందరికంటే ముందొచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్నా చుట్టేవారు. అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ. నాలుగోవాడికి రెండు. ఆపైన వచ్చేవాడికల్లా ఒక్కొక్కటి కలుపుకుంటూ పోవడమే.

నాకు లెక్కలంటే ఇష్టం కాబట్టి కట్టి చూశాను. ముప్పైమంది పిల్లలుంటే ఆఖరివాడికి 28 దెబ్బలు. అందరివీ కలిపితే 406. పాఠం మొదలుపెట్టకముందే అయ్యవారి భుజం పడిపోవాలి. సరే, అయ్యవారి సంగతి వదిలేద్దాం. ఇరవయ్యోవాడు ఇంకా దారిలోనే ఉన్నాడు. తనకంటే ముందు పందొమ్మిదిమంది పోవడం కళ్ళారా చూశాడు. పద్దెనిమిది పడతాయని వాడికి తెలుసు. పక్కనే చింతతోపు ఉంది. వాడు ఎటు పోతాడు? ఆలస్యానికి శిక్ష పెంచితే వేళకు వచ్చేవాళ్ళు కాదు, అసలు రానివాళ్ళు పెరుగుతారు. ప్రార్థన అయ్యాక వచ్చినవాణ్ణి గేటు బయట ఎండలో నిలబెట్టేవాళ్ళకు ఈ లెక్క ఈనాటికీ తెగలేదు.

ఆ నివేదికలో గుంజిళ్ళ ప్రస్తావన కూడా ఉంది. బాధాకరమే గానీ బహుశా ఒంటికి మంచిదేమోనని దొరగారు అభిప్రాయపడ్డారు. ఆయన తీసినట్టు దాఖలా మాత్రం లేదు.

2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమల్లోకొచ్చింది. దాని 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బెత్తం పోయింది. దాని కుర్చీలో "సైలెన్స్!" అనే కేక వచ్చి కూర్చుంది. పంతులు ఒకసారి అరుస్తాడు. పిల్లలు ఆ అరుపుకి అందేలా గొంతు పెంచుకుంటారు. గది మొత్తంలో ఎక్కువ గోల ఎవరిదని కొలిస్తే ఆ మాట అంటున్నవాడిదే.

పంతులు ఆఫీసు కాగితాల మీద ఉంటే లీడరు రాజ్యం. నల్లబల్ల మీద "మాట్లాడినవాళ్ళు" అని రాసి కింద గీత గీస్తాడు. పేర్లెక్కుతాయి. మళ్ళీ మాట్లాడితే పేరు పక్కన ఇంటూ మార్కు. "నేను మాట్లాడలేదు" అని మొత్తుకుంటే, అదీ మాట్లాడటమే కనక ఇంకో ఇంటూ. లీడరు స్నేహితులు ఎంత అరిచినా ఆ పట్టికలోకి రారు. సోమ, బుధ, శుక్రవారాల్లో, అంటే చిక్కీ ఇచ్చే రోజుల్లో, పేర్లు చెరిగిపోవడం కూడా జరుగుతుంది. ఈ విద్య పిల్లలకు ఎవరు నేర్పారో నాకు తెలియదు. పాఠ్యపుస్తకంలో అయితే లేదు.

నేను నమ్మేది ఒకటుంది. తర్వాత ఏం జరుగుతుందో తెలిసిన పిల్లవాడు గోల చేయడు. తను లేకపోతే ఏదో ఒకటి ఆగిపోతుందని తెలిసినవాడు బడి ఎగ్గొట్టడు. అందుకే మా గదిలో వరస మారదు. చెప్పులు గోడవార, సంచీ మేకుకి, చేతులు కుళాయి కింద, తర్వాత పలక మీద ఇష్టమొచ్చిన బొమ్మ. హాజరు పిలిస్తే "ప్రెజెంట్ సార్" అనక్కర్లేదు, రాత్రి తిన్న కూర పేరు చెప్పాలి. "వంకాయ సార్", "ఊరిబిండి సార్", "కోడి సార్!" కోడి అన్నవాడి వైపు తరగతి అంతా గౌరవంగా తిరుగుతుంది. పక్కవాడి కూర వినాలంటే నోరు మూసుకోక తప్పదు. నేను గొంతెత్తే పని లేదు.

ఇక గంట. వేపచెట్టుకు వేలాడే రైలుపట్టా ముక్క, గుంతకల్లు వైపు నుంచి ఎవరో ఎప్పుడో తెచ్చింది. దాన్ని కొట్టడానికొక ఇనుప బోల్టు. కడుపునొప్పిలో ఊరికే పెద్దదిక్కయిన మూడో తరగతి బుడ్డోడికి ఆ బోల్టు అప్పగించాను. వాడికి గడియారం చూడటం రాదు. రానివాడు గంటెట్లా కొడతాడని నాలుగో తరగతి అభ్యంతరం చెప్పింది. వారం తిరక్కుండా వాడు పెద్దముల్లునీ చిన్నముల్లునీ చూపు మరల్చకుండా కాపలా కాయడం నేర్చాడు. ఇప్పుడు నేను తాళం తీసేసరికే చెట్టుకింద ఉంటాడు. "జరమొచ్చింది, పండుకోరా అంటే గంటెవురు కొడతారని ఏడుస్తాండాడు సార్" అని వాళ్ళమ్మ నా మీదే ఫిర్యాదు. పాఠం మధ్యలో నేను కాస్త ఎక్కువసేపు మాట్లాడితే, బోల్టు పట్టుకుని గుమ్మంలో నిలబడి దగ్గుతాడు.

ఈ సంగతి ఊరంతా పాకింది. మొక్కలకు నీళ్ళు, సుద్దముక్కల పెట్టె, వంట ఆయమ్మకు పళ్ళేల లెక్క చెప్పడం, అన్నీ భర్తీ అయిపోయాయి. పళ్ళేల లెక్క అమ్మాయికి ఎవరు రాలేదో నాకంటే ముందే తెలుస్తుంది. ఒకరిద్దరిని ఇంటికెళ్ళి లాక్కొచ్చింది కూడా. డెబ్బై ఐదు శాతం లెక్క చెప్పిన ఆవిడే కూతుర్ని చేయిపట్టుకుని వచ్చింది.

"మా పాపకూ ఏదన్నా పనీయండి సార్."

"ఖాళీల్లేవమ్మా."

ఆవిడ వరండా అంతా ఒకసారి పరికించి చూసింది.

"గంట కొట్టేవాడు పోయినేడు ఎన్నిదినాలు నాగా పెట్టినాడో లెక్క తీయండి సార్. వాని శాతమెంత?"