రీడ్ ది ఫాలోయింగ్ సూత్రానికి జగిత్యాల వ్యాఖ్య

మూలం

రీడ్ ది ఫాలోయింగ్ ప్యాసేజ్ కేర్‌ఫుల్లీ అండ్ ఆన్సర్ ది క్వశ్చన్స్ గివెన్ బిలో.

అవతారిక

పదవ తరగతి ఇంగ్లిష్ ప్రశ్నపత్రం తెరవగానే కనిపించే ఈ సూత్రానికి కర్త పేరు ఎక్కడా లేదు. ఏటేటా దాదాపు అక్షరం మారకుండా అవతరిస్తున్నందువల్ల ఇది వేదంలాగే అపౌరుషేయమని, అనగా ఏ మనిషీ రచించనిదని ఒక పక్షం. ప్రభుత్వ పరీక్షల విభాగమే కర్త అని రెండవ పక్షం. కరోనా కారణంగా 2020లో పరీక్షలు నడుమనే నిలిచిపోయి, 2021లో అసలు జరగక, రెండు బ్యాచీలు అంతర్గత మార్కులతోనే గట్టెక్కినప్పటికీ, మరుసటి ఏడు సూత్రం ఏ వికారమూ లేకుండా తిరిగి ప్రత్యక్షమైంది కనుక దాని నిత్యత్వం సిద్ధించిందని మొదటి పక్షంవారి సమాధానం. ఇంగ్లిష్‌కు పూర్వమున్న రెండు పేపర్లు పోయి 2022 నుంచి ఒకే 80 మార్కుల పేపరు వచ్చినా సూత్రం నిలిచే ఉన్నదని వారు అదనంగా చూపుతారు.

ఏ శాస్త్రాన్ని ఆరంభించినా ముందుగా అనుబంధ చతుష్టయం చెప్పడం పెద్దల ఆచారం. గ్రంథం దేనిని గురించినది, దానివల్ల ఏమి దక్కుతుంది, ఆ రెండింటికీ పొత్తు ఏమిటి, దానిని చదవదగినవారెవరు అనే నాలుగింటికీ కలిపి ఆ పేరు. ఇక్కడ విషయం ప్యాసేజ్, ప్రయోజనం మార్కులు, సంబంధం ప్యాసేజ్‌లోని వాక్యానికీ జవాబుపత్రంలోని వాక్యానికీ మధ్య గల బింబప్రతిబింబ భావం, అధికారి హాల్‌టికెట్ గల విద్యార్థి. అధికారులందరిలోనూ జగిత్యాలవారిని ముందు చెప్పుకొనడానికి హేతువు లేకపోలేదు. 2016 అక్టోబరు 11న పాత కరీంనగర్ జిల్లా నుంచి జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు విడివడగా, కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరింది. ఆ కొత్త జిల్లా 2018లోను, 2019లోను పదవ తరగతి ఉత్తీర్ణతలో తెలంగాణ రాష్ట్రానికి మొదటిదిగా నిలిచింది. 2019లో అక్కడి ఉత్తీర్ణత 99.73 శాతం. నవద్వీపానికి తర్కం వల్ల ఖ్యాతి వచ్చినట్లు ఒక ఊరికి స్లిప్ టెస్టుల, అనగా బడిలో తరచుగా పెట్టే చిన్న పరీక్షల, వల్ల ఖ్యాతి రావడం విద్యా చరిత్రలో విశేషమే కాబట్టి, ఈ సూత్రాన్ని ఆ సంప్రదాయం ఎట్లా గ్రహించిందో అట్లాగే వ్యాఖ్యానించడం ఉచితం.

ప్రతిపదార్థం

రీడ్ = చదువుము. చదువుట త్రివిధం: గొంతుతో, మనసుతో, వేలితో. కోరుట్లలో బీడీలు చుట్టే ఇండ్లలో, తల్లి ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తుంటే పక్కన కూర్చున్న బిడ్డ గొంతెత్తి చదువుతుంది. అక్షరం రాని తల్లికి ఆ చదువు తప్పా ఒప్పా తెలియకపోయినా, అది ఆగిపోతే మాత్రం వెంటనే తెలుస్తుంది. సిరిసిల్లలో సాంచలు, అనగా మరమగ్గాలు, నడిచే వాడలలో ఎవరి గొంతు వారికే వినపడదు కనుక అక్కడ మానసిక పఠనం ప్రబలింది. మూడవదైన వేలి చదువు అన్ని ఊళ్లకూ సమానం. ప్రశ్నలోని పదం ప్యాసేజ్‌లో ఎక్కడున్నదో వేలు జరుపుతూ పట్టుకొనడమే వేలి చదువు. పరీక్షామందిరంలో ఫలమిచ్చేది ఇదే.

ఈ ప్రాంతానికి పరభాషలో చదవడం కొత్త కాదు. నిజాం కాలంలో బడి చదువు ఉర్దూలో సాగింది. నేటి రాజన్న సిరిసిల్ల జిల్లాలోని హనుమాజీపేటలో పుట్టిన సింగిరెడ్డి నారాయణరెడ్డి ఉర్దూ మాధ్యమంలో చదువుకొనే తెలుగులో మహాకవియై 1988 సంవత్సరపు జ్ఞానపీఠాన్ని అందుకున్నారు. తాత ఉర్దూలో, తండ్రి తెలుగులో, మనుమరాలు ఇంగ్లిష్‌లో చదివిన కుటుంబాలలో ముగ్గురికీ ఉమ్మడిగా తెలిసినది, అర్థం కాని పేరాకు జవాబు రాసే విద్య ఒక్కటే అని చెప్పడం కొంత అతిశయోక్తి, కొంత స్వభావోక్తి. 2022–23లో ప్రభుత్వ బడులలో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లిష్ మాధ్యమం వచ్చినప్పుడు, ఒక పుటలో ఇంగ్లిష్, ఎదుటి పుటలో తెలుగు ఉండే పాఠ్యపుస్తకాలు కూడా వచ్చాయి. మూలం ఒక వైపు, టీక ఒక వైపు అచ్చువేసే పద్ధతిని సర్కారు స్వయంగా అంగీకరించడం వ్యాఖ్యాతలందరికీ గౌరవకారణం. అయితే ప్రశ్నపత్రంలో ఎదుటి పుట ఉండదు.

ది = పాదపూరణం. ఛందస్సు నింపడానికి కవులు వాడే తు, హి, చ, వై వంటి అక్షరాల కోవలోనిది, అర్థం లేనిది. ఇది విద్యార్థుల మతం. ఆర్టికల్స్ సరిదిద్దే ప్రశ్నలో మార్కులు పోవడానికి మూలకారణం ఈ మతమే.

ఫాలోయింగ్ ప్యాసేజ్ = దిగువనున్న గద్యఖండం. ఇది సీన్, అన్‌సీన్ అని రెండు విధాలు. సీన్ అనగా ‘అవర్ వరల్డ్ త్రూ ఇంగ్లిష్’ అనే పాఠ్యపుస్తకంలో ఇదివరకే చూచినది. వామన్ హోవల్ రాసిన మేడ ఇంటి కథ, కొడుకు పెట్టె మోసే తండ్రి కథ అయిన ‘ది జర్నీ’, మాయాబజార్ సినిమాను గురించిన పాఠం ఈ కోవకు చెందుతాయి. అన్‌సీన్ అనగా ఇంతకుముందు చూడనిది. మొదటిదానికి జవాబులు గైడులో ఉంటాయి కనుక చదువనక్కరలేదని, రెండవది ఎట్లాగూ అర్థం కాదు కనుక చదివి లాభం లేదని తలచే ఉభయభ్రష్టులను ఈ వ్యాఖ్య లెక్కలోకి తీసుకోదు.

కేర్‌ఫుల్లీ = జాగ్రత్తగా. ఎత్తిరాసేటప్పుడు స్పెల్లింగ్ తప్పకుండా అని భావం.

అండ్ = పిమ్మట. ముందు చదివి, ఆపైన జవాబు రాయవలెనని సూత్రం చెప్పే క్రమం. స్పెషల్ క్లాసుల సంప్రదాయం దీనికి నేరుగా విరుద్ధం. అక్కడ ముందు ప్రశ్నలు చదివి, వాటి కింద గీత గీసి, ఆ తర్వాతనే ప్యాసేజ్ వైపు కన్నెత్తాలి. ఇది సూత్రాతిక్రమణం కాదా అని శంక. కాదని సమాధానం. పాఠక్రమం కంటె అర్థక్రమం బలవత్తరమని మీమాంసకులు ఏనాడో తేల్చారు. అగ్నిహోత్రం చేయవలెను, గంజి వండవలెను అని వేదం ఆ వరుసలో చెప్పినా, వండని గంజితో హోమం కుదరదు కనుక ముందు వంటే జరగాలన్నది వారి ఉదాహరణ. జైమిని శిష్యులు హోమకుండం దగ్గర కనిపెట్టిన న్యాయాన్ని జగిత్యాల ట్యూషన్లు స్వతంత్రంగా తిరిగి కనిపెట్టాయంటే ఆ న్యాయం పటిష్ఠతను ఊహించుకోవచ్చు.

ఆన్సర్ = ప్యాసేజ్‌లో నుంచి వాక్యాన్ని ఎత్తి జవాబుపత్రంలో దించుము. ఇదే సూత్రానికి ప్రాణమైన పదం కనుక కొంత విస్తరించక తప్పదు.

వాక్యం అర్థమిచ్చేందుకు మూడు కావాలని శాస్త్రం. ఒక పదం మరొక పదాన్ని కోరడం ఆకాంక్ష. ఆ రెంటికీ పొత్తు కుదరడం యోగ్యత. అవి దగ్గరదగ్గరగా ఉండడం సన్నిధి. నిప్పుతో తడిపాడు అనే మాటలో ఆకాంక్ష, సన్నిధి ఉన్నాయి గాని యోగ్యత లేదు, నిప్పు తడపలేదు కనుక. ఇప్పుడు ఈ కల్పిత ప్యాసేజ్ చూడదగినది: ఒక చిమ్మరి పొద్దున్నే డుంబరంలో మూడు గిల్లుకలను టెంకరించింది. చిమ్మరి ఎన్ని గిల్లుకలను టెంకరించింది? మూడు. ఎక్కడ టెంకరించింది? డుంబరంలో. ఎప్పుడు? పొద్దున్నే. చిమ్మరి పక్షియో యంత్రమో తెలియకుండానే, టెంకరించడం మంచి పనో చెడ్డ పనో తెలియకుండానే, మూడు ప్రశ్నలకూ పూర్తి మార్కులు వచ్చాయి. యోగ్యత ఊసే లేకుండా ఆకాంక్షా సన్నిధులతో మాత్రమే జ్ఞానఫలం దక్కే ఈ మార్గాన్ని ప్రాచీనులు ఎరుగరు. ఇంగ్లిష్ ప్యాసేజ్ ఎదుట మన విద్యార్థిది ఎక్కువగా చిమ్మరి స్థితే. వేలు జరుగుతుంది, పదం దొరుకుతుంది, వాక్యం దిగుతుంది.

ఇక్కడ ఒక విపరీతం ఉన్నది. కాళిదాస త్రయానికి సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘునికి సర్వంకష రచించిన మల్లినాథసూరి పరాయివాడు కాదు, మెదక్ జిల్లా కొల్చారం వాస్తవ్యుడు. మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ఆయన చేసిన ప్రతిజ్ఞ ప్రసిద్ధం. కాంప్రహెన్షన్ నియమం సరిగ్గా ఇదే. మాయాబజార్ ప్యాసేజ్ వస్తే, అవ్వ నోటి నుంచి 1957 నాటి ఆ సినిమాను సీను సీనుగా విన్న పిల్ల ఘటోత్కచుడిగా ఎస్వీ రంగారావు వేశాడని ఎరిగి ఉండవచ్చు. ప్యాసేజ్‌లో ఆ మాట లేకపోతే జవాబులో రాయరాదు. అయితే మల్లినాథుడు మూలం దాటనన్నాడే తప్ప మూలాన్ని ఎత్తిరాస్తానని అనలేదు. శ్లోకాన్ని విడదీసి, అన్వయించి, తన మాటల్లో తిరిగి నిలబెట్టిన తర్వాత కూడా మూలం గడప దాటకపోవడం ఆయన ఘనత. ఆయన ప్రతిజ్ఞలో నిషేధభాగాన్ని పుచ్చుకుని వ్యాఖ్యాన భాగాన్ని వదలినది మన సంప్రదాయం. అందులో పిల్లల తప్పు తక్కువ. సొంత మాటల్లో రాసిన జవాబులో వ్యాకరణం తప్పితే మార్కు పోతుందని, ఎత్తిరాస్తే పోదని వారికి అనుభవం వల్ల తెలుసు.

ది క్వశ్చన్స్ = ప్రశ్నలు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అనేవి సుగమాలు. నాలుగు జవాబులలో ఒకదాని అక్షరం రాసేవి దైవాధీనాలు. ఎందుకు అనేది దుర్గమం. ప్యాసేజ్‌కు తగిన శీర్షిక పెట్టమనే ప్రశ్నకు మొదటి వాక్యంలోని మొదటి నామవాచకమే శరణ్యమని రూఢి. నిజానికి గ్రంథ తాత్పర్యాన్ని పట్టుకొనడానికి మీమాంసకులు ఆరు గుర్తులు చెప్పారు. మొదలూ ముగింపూ ఏకమవుతున్నాయా, ఏ మాట మళ్లీ మళ్లీ వస్తున్నది, కొత్తగా చెప్పినదేమిటి, దానివల్ల ఫలమేమిటి, దేనిని పొగిడారు, దేనికి యుక్తి చూపారు. ఈ ఆరింటిని ఒక్క పీరియడులో నేర్పవచ్చు. శీర్షిక ప్రశ్నకు ఇంతకన్నా మంచి పాఠం ఏ గైడులోనూ లేదన్నది ఈ వ్యాఖ్య పక్షం.

ఇంకొక జాతి ప్రశ్న ఉన్నది. తండ్రి సాయంత్రమంతా గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడని ప్యాసేజ్. అతని మనసు ఎట్లా ఉన్నదని ప్రశ్న. జవాబు పదం పేరాలో ఎక్కడా ఉండదు, వ్యంజనతో, అనగా చెప్పినదాని నుంచి చెప్పనిదానిని స్ఫురింపజేసుకొని, గ్రహించాలి. వేలు పైకీ కిందికీ తిరిగి, అలసి, అదే వాక్యాన్ని ఎత్తి దించుతుంది. తండ్రులు గల్ఫ్‌లో ఉన్న కోరుట్ల, జగిత్యాల పిల్లలకు ఎదురుచూపు అంటే తెలియక రాసిన జవాబు కాదది. తెలిసినది రాయకూడదని నేర్పిన ఫలితం.

గివెన్ బిలో = కింద ఇవ్వబడిన. ప్రశ్నలను ఇతరులే తయారుచేసి ఇస్తారని సూచన.

తాత్పర్యం

ఓ విద్యార్థీ, కింది ప్రశ్నలను ముందుగా చూచి, వాటిలోని మాటలు పై పేరాలో ఎచ్చట గలవో వెదకి, ఆ వాక్యములను స్పెల్లింగ్ చెడకుండ ఎత్తి వ్రాసి, పేరా దేనిని గురించినదను చింత విడువుము అని తాత్పర్యం.

విశేషాంశం

ఈ ఊళ్లలో అతి గంభీరమైన ప్యాసేజ్ బడిలో ఎదురుకాదు. గల్ఫ్ ప్రయాణానికి ముందు చేతికి వచ్చే అగ్రిమెంట్ ఇంగ్లిష్‌లోను అరబీలోను ఉంటుంది. దానిని చదివి చెప్పవలసినది తరచుగా ఆ ఇంటి పదవ తరగతి పిల్లే. “ఇండ్ల ఏమని రాసిండ్రో సూడు బిడ్డా” అని తండ్రి అడిగేది ఇంచుమించు మన సూత్రమే. జీతమెంత అనే దానికి వేలి చదువు చాలు. తిండి ఎవరి ఖర్చు, ఓవర్‌టైమ్ లెక్క ఏమిటి, వాపస్ టికెట్ ఎవరు కొనాలి అనే వాటికి వేలితో దొరికే వాక్యం ఉండవచ్చు, లేకపోవచ్చు. లేకపోవడం కూడా అర్థవంతమేనని, అక్కడ జవాబు ‘ఇవ్వరు’ అని గ్రహించడం కాంప్రహెన్షన్‌లో చివరి మెట్టు. ఇంటిపని అని రాసిన కాగితం పట్టుకుని వెళ్లి ఎడారిలో గొర్రెలు కాచినవారి కథలు ఈ పల్లెలకు కొత్త కావు. ముఖ్యార్థం కుదరనప్పుడు లక్షణార్థం తీసుకోవాలని అలంకారికులు చెప్పారు గాని, ఇంటిపనికి గొర్రెలకాపరి అనే లక్షణను ఏ అలంకారికుడూ ఊహించలేదు. ఆజాద్ వీసా అనేదానిలో కాగితం మీది యజమాని ఒకరు, పని ఇంకెక్కడనో. అక్కడ మూలమే అబద్ధం కనుక టీకకు పట్టు లేదు.

పదవ తరగతికీ ఈ కాగితానికీ చట్టంలోనే ఒక ముడి ఉన్నది. 1983 నాటి వలసల చట్టం కింద, పది పాసు కానివారికి సాధారణంగా ఈసీఆర్ పాస్‌పోర్టు, అనగా వలసకు ముందు తనిఖీ కావలసిన పాస్‌పోర్టు, వస్తుంది. అటువంటివారు ఆరు గల్ఫ్ దేశాలతో సహా నిర్ణీత దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే అధికారి అనుమతి పొందాలి. పది పాసైనవారికి ఆ తనిఖీ లేదు. వారు తమ అగ్రిమెంట్ తామే చదువుకోగలరని అందులోని ఊహ. ఆ పది పాసు కావడానికి ఇంగ్లిష్ పేపరులో 80కి 28 మార్కులు చాలు. ఆ 28లో ఎత్తిరాసినవెన్ని, అక్షరాలు పెట్టినవెన్ని, చదివి రాసినవెన్ని అని మార్కుల మెమో విడదీసి చెప్పదు, పాస్‌పోర్టు కార్యాలయం అడగదు.