పిడుగు పడిన చెంబు

"తాతల నాటి రాగి చెంబన్నా. పిడుగు పడి ఇరీడియం అయిపోయింది. బియ్యపుగింజల్ని లాగుతుంది. నాసావాళ్లు కోట్లిచ్చి కొంటారు. టెస్టింగ్ ఫీజు మాత్రం ముందు నువ్వు కట్టుకోవాల."

రైస్ పుల్లింగ్ పేరుతో తెలుగు జిల్లాల పోలీసు స్టేషన్లకు ఎన్నేళ్లుగానో ఎక్కుతున్న కథ ఇదే. వానకు మొహం వాచిన గుంతకల్లు సీమలో చినుకు రాలదు గానీ, పిడుగు మాత్రం గురి చూసి చెంబు మీదే పడుతుంది!

సరే, పడిందనుకుందాం. పిడుగుకు కాలిన బోరు మోటారులో చుట్టిందీ రాగి తీగే. రైతు దాన్ని రీవైండింగ్ షాపుకు మోసుకుపోతాడు, నాసాకు పార్సిల్ చేయడు. గుంతకల్లు జంక్షన్లో రైళ్ల నెత్తిన సాగే కరెంటు తీగా రాగిదే. బ్రోకరు మాట నిజమైతే రైల్వేవాళ్లు టికెట్లమ్మడం మానేసి ఉరుముల కోసం కాచుకుని కూర్చోవాలి.

రాగి పరమాణువు కేంద్రకంలో 29 ప్రోటాన్లు. ఇరీడియంలో 77. మిగతా 48 ఎవరిస్తారు? పిడుగు దారిలో గాలి దాదాపు 30 వేల డిగ్రీల దాకా వేడెక్కుతుంది, నిజమే. ఆ వేడి పైనున్న ఎలక్ట్రాన్లను ఊడగొడుతుందే గానీ రాగి కేంద్రకాన్ని కదపలేదు. మంట, ఆమ్లం, బ్యాటరీ కరెంటు, అన్నిటి ప్రతాపమూ అక్కడిదాకానే. కేంద్రకం బిగువు వాటి శక్తికి లక్షల రెట్లు. మూలకాన్ని రసాయనికంగా ఇంకా చిన్న పదార్థాలుగా విడగొట్టలేకపోవడానికి కారణం ఇదే. 1789లో రసాయన శాస్త్రవేత్త లావోజియే సున్నాన్ని కూడా మూలకాల పట్టికలో వేశాడు. 1808లో డేవీ కరెంటుతో అందులోంచి కాల్షియాన్ని బయటికి లాగాడు. ఆ కాల్షియాన్ని మాత్రం ఇప్పటికీ ఏ ఆమ్లమూ ముక్కలు చేయలేదు.

మైలుతుత్తం నీళ్లలో మేకు ముంచి 'ఇనుము రాగి అయింది' అని చూపించే మహానుభావులూ ఉన్నారు. ఇనుము నీళ్లలోకి దిగింది, నీళ్లలోని రాగి మేకుకు అంటుకుంది. రైల్లో ఇద్దరు సీట్లు మార్చుకున్నారంతే, మనుషులు మారలేదు.

గుంతకల్లు పక్కనే వజ్రాలకు పేరుపడ్డ వజ్రకరూరు ఉంది కాబట్టి ఒక మాట. వజ్రాన్ని కాల్చి, అది వట్టి కర్బనమేనని 1797లో చూపించిన స్మిత్సన్ టెనెంటే 1803లో ఇరీడియాన్ని కనిపెట్టాడు. ప్లాటినం ఖనిజాన్ని ఆమ్లాల్లో కరిగించాక మిగిలిన నల్లటి మడ్డిలో అది దొరికింది. పిడుగు కోసం ఆయన ఆకాశం వైపు చూడలేదు.

ఇంకా నమ్మకం చావకపోతే కిరాణా కొట్టు త్రాసు చాలు. ఇరీడియం సాంద్రత రాగికి రెండున్నర రెట్లు. అదే కొలతల చెంబు రాగిదైతే అర కిలో, ఇరీడియందైతే కిలోపావు. తూకం అడిగి చూడండి. "రేడియేషన్ అన్నా, ముట్టుకోకూడదు" అంటాడు. 2018లో ఇదే మోసం కింద ఢిల్లీ పోలీసులకు చిక్కిన తండ్రీకొడుకులు రేడియేషన్ సూట్లు కూడా సిద్ధం చేసుకున్నారు. బియ్యపుగింజలకు మాత్రం ఏ సూటూ అక్కర్లేదు. అవి ముందే ఇనుప రజను పూసుకుని వస్తాయి.