ఖాళీకి ఖరీదు

బెజవాడ ఏలూరు రోడ్డు పక్క సందులో ఉన్న డీటీపీ సెంటరుకి మాస్టారు ఆరోజు స్కేలు పట్టుకుని వచ్చారు. జూనియర్ కాలేజీలో ఏళ్ల తరబడి లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఇంటర్ పిల్లల కోసం కాల్క్యులస్ లెక్కల పుస్తకం రాసి, సొంత డబ్బుతో అచ్చు వేసుకుంటున్నారు. ప్రూఫు చివరి పేజీ అంకె 219. అదే ఆయన్ని రాత్రి నిద్రపోనివ్వలేదు.

ఫారానికి 16 పేజీలు. 13 ఫారాలంటే 208. పై 11 పేజీల కోసం పద్నాలుగో ఫారం వెయ్యాలి. దానికి కాయితం, ప్లేట్లు, ప్రింటింగు, మడత కూలి అన్నీ మళ్లీ పెట్టాల్సిందే. పెన్షన్ డబ్బుతో పుస్తకం వేసుకునే మనిషికి అది చిన్న ఖర్చు కాదు.

ఆపరేటర్ అమ్మాయి పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"అమ్మాయ్, ఈ ప్లస్సుకి అటూ ఇటూ ఇంత ఖాళీ ఎందుకు? ఈక్వల్‌టు దగ్గర ఇంకా ఎక్కువుంది. నేను రాసిచ్చిన కాయితాల్లో ఇలా లేదే!"

"అవి నేను కొట్టిన ఖాళీలు కావు సార్. లేటెక్ తనే వదులుతుంది. ఎమ్ అని ఒక కొలత ఉంటుంది. దాన్ని 18 భాగాలు చేస్తే, కామా తర్వాత 3 భాగాలు, ప్లస్సు మైనస్సులకి రెండు వైపులా నాలుగేసి, ఈక్వల్‌టుకి రెండు వైపులా ఐదేసి."

"మైనస్ ఎక్స్ అని మొదలైతే?"

"అప్పుడు ఖాళీ ఉండదు సార్. రెండింటి మధ్య ఉంటే తీసివేత, ముందు ఏమీ లేకపోతే ఉత్త రుణ గుర్తు. ఆ తేడా దానికి తెలుసు. ఘాతంలో ప్లస్సు వచ్చినా చుట్టూ ఖాళీ తీసేస్తుంది. అక్కడ అక్షరమే చిన్నది కదా."

"మరి డీఎక్స్ ముందు కూడా వదిలావే?"

"అది మాత్రం నేనే పెట్టాలి సార్. దానికి డి, ఎక్స్ మామూలు అక్షరాలే. ఇంటిగ్రల్ లోపలి ఫంక్షన్ అక్కడితో అయిపోయిందని దానికి తెలీదు. బ్యాక్‌స్లాష్ కామా కొడితే 3 భాగాలు జరుగుతుంది. లక్ష రాయాలంటే ఇంకో తంటా. 1,00,000 లో కామా చూడగానే అవి మూడు వేర్వేరు అంకెలనుకుని మధ్యలో ఖాళీ పెడుతుంది. అందుకని ప్రతి కామాకీ ఫ్లవర్ బ్రాకెట్లు తొడగాలి."

లెక్కలు అచ్చు వేసేచోట ఈ ఖాళీ కోసం పట్టుబట్టిన మహానుభావుడొకడున్నాడు. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ డొనాల్డ్ కనూత్. ఆయన రాసిన 'ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్' రెండో సంపుటం 1969లో సీసపు అచ్చులతో ముచ్చటగా వచ్చింది. 1977లో దాని కొత్త కూర్పుకి ఫోటో పద్ధతిలో కంపోజు చేసిన ప్రూఫులొచ్చాయి. వాటిని చూసి ఆయనకి మనసు విరిగిపోయింది. చేతిలో ఉన్న పని పక్కన పెట్టి, సూత్రాల్ని అందంగా కూర్చే టెక్ అనే ప్రోగ్రాం తనే రాయడానికి కూర్చున్నాడు. ఏ గుర్తు పక్కన ఎంత చోటుండాలో తెలుసుకోవడానికి పాత గణిత పత్రికలు ముందేసుకుని, చేయి తిరిగిన కంపోజిటర్లు వదిలిన జాగాలు కొలిచాడు. ఏడాదిలో అవుతుందనుకున్న పని పదేళ్ల దాకా సాగింది. తర్వాత లెస్లీ లాంపోర్ట్ దాని మీద కట్టినదే లేటెక్. ఆ అమ్మాయి వేళ్ల కింద ఉన్న 3, 4, 5 భాగాల వెనక అంత కష్టం ఉంది. సూత్రంలో ఖాళీ అలంకారం కాదు. ఏది దేనికి చెందుతుందో చెప్పేది అదే. అది కూడా లెక్కలో భాగమే.

మాస్టారికి మాత్రం ఆ క్షణాన 219 తప్ప మరేదీ కనిపించడం లేదు.

"నీకు పేజీకింత అని కదా ఇస్తారు?" అన్నారు గొంతు తగ్గించి. "ఖాళీలు పెరిగితే పేజీలు పెరుగుతాయి. పేజీలు పెరిగితే ఎవరికి లాభమో నాకు తెలీదా?"

ఆ అమ్మాయి తలెత్తి ఒక్కసారి ఆయన వంక చూసింది. ఏమీ అనలేదు.

మాస్టారు ఓనరు దగ్గరికెళ్లి అదే మాట గట్టిగా చెప్పారు. ఓనరు లోపలికి కేకేశాడు. "మాస్టారు ఎలా చెప్తే అలా చేసెయ్యమ్మా. పుస్తకం ఆయనది, డబ్బు ఆయనది."

ఆమె ఆ మూడు కొలతలనీ సున్నా చేసింది. డీఎక్స్‌ల ముందు తను పెట్టినవీ తీసేసింది. మర్నాటికి కొత్త ప్రూఫు సిద్ధం. చివరి పేజీ అంకె 217.

"రెండే తగ్గాయా?" మాస్టారి మొహం వాడిపోయింది.

"విడిగా ఒక లైనులో నిలబెట్టిన సూత్రం సార్, ఇరుగ్గా ఉన్నా విశాలంగా ఉన్నా దానికి ఆ లైను కావాల్సిందే. అడ్డంగా నొక్కితే నిలువు తగ్గదు."

మాస్టారు నమ్మలేదు. ముందు దిద్దుతానని ఎర్ర పెన్ను తీశారు. సాయంత్రానికి కాయితాలు చాలాచోట్ల ఎర్రబడ్డాయి. ఒకచోట మరీ కోపమొచ్చి జవాబు మొత్తం కొట్టేశారు.

"ఇది చూడు. గరిష్ఠ కనిష్ఠాల లెక్క. జవాబు ఒక బిందువు రావాలి. నువ్వు పన్నెండు వేల ఐదొందలు అని కొట్టావు! పిల్లలు చూస్తే నన్నేమంటారు?"

ఆమె పాత ప్రూఫులో అదే పేజీ తీసి పక్కన పెట్టింది. అందులో (12, 500) అని ఉంది. ఎక్స్ విలువ 12 అయినప్పుడు లాభం 500 రూపాయలు. పక్కన మాస్టారి చేత్తోనే పెట్టిన రైటు గుర్తు. కొత్త ప్రూఫులో (12,500). అవే అంకెలు, అదే కామా, అవే బ్రాకెట్లు. కామా తర్వాత ఉండాల్సిన మూడు భాగాల ఖాళీ ఒక్కటే లేదు.

మాస్టారు రెండు కాయితాల్నీ మార్చి మార్చి చూశారు. తర్వాత ఎర్రగీత పడ్డ చోట్లన్నీ ఒక్కొక్కటే పాత ప్రూఫుతో సరిచూశారు. సైన్ ఎక్స్ కాస్ వై ఎనిమిదక్షరాల మాటలా ఒకటైపోయిన చోట అడ్డగీత కొట్టారు. ఇంటిగ్రల్ కింద ఎక్స్ డీఎక్స్ అతుక్కుపోయిన చోట ప్రశ్నగుర్తు వేశారు. పాతదాంట్లో అవన్నీ ఆయనే ఒప్పుకున్నవి. తన సొంత లెక్కల్ని తనే తప్పని కొట్టేశారు.

"సార్, ఖాళీల జోలికి పోకుండా నన్నొకసారి చూడనివ్వండి. రేపు సాయంత్రం రండి," అంది ఆ అమ్మాయి.

మర్నాడు మాస్టారు వచ్చేసరికి ప్రూఫు బల్లమీదుంది. ఖాళీలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. వెనక జవాబుల పట్టిక రెండు కాలాల్లోకి వచ్చింది. విడిగా నిలబెట్టనక్కర్లేని చిన్న చిన్న మెట్లు వాక్యంలో కలిశాయి. అక్కడ భిన్నాల్ని ఏటవాలు గీతతో రాసినప్పుడు, ఒకటి బై రెండు ఎక్స్ లాంటివి రెండు రకాలుగా చదువుకోకుండా హారానికి బ్రాకెట్ వేసింది. పొడుగు సాధనల్లో ఈక్వల్‌టులన్నీ ఒకదాని కింద ఒకటి వరసగా నిలబడ్డాయి. పేజీ మధ్యలో ఒంటరిగా ఉన్న గ్రాఫులు లెక్కల పక్కకి జరిగాయి.

చివరి పేజీ అంకె 208. సరిగ్గా 13 ఫారాలు.

ఓనరు బిల్లు వేస్తూ, "ఏంటమ్మా, నీకు 11 పేజీల కూలి పోయిందే!" అన్నాడు. ఆమె నవ్వి ఊరుకుంది. అది విన్న మాస్టారికి తల ఎత్తుకోబుద్ధి కాలేదు. కాసేపటికి దగ్గరికొచ్చి కూర్చున్నారు.

"ఏమనుకోకమ్మా. నోరు జారాను. నా సర్వీసులో ఇంత శ్రద్ధ ఎక్కడా చూడలేదు. ఇది నీకెవరు నేర్పారు?"

"ఇంటర్ సెకండియర్ క్వార్టర్లీలో నేర్చుకున్నాను సార్."

"ఎంపీసీ చదివావా! మరి ఇక్కడికెలా వచ్చావు?"

"పరీక్ష కాయితాలు మేమే కొనుక్కుని వెళ్లాలి. మా ఇంట్లో దస్తా కాయితాలు కొనే పరిస్థితి లేదు. ఉన్న రెండు కాయితాల్లోనే సందు లేకుండా లెక్కలన్నీ ఇరికించి రాశాను. అన్నీ కరెక్టే సార్. దిద్దిన లెక్చరర్‌గారు అడ్డంగా ఒక గీత కొట్టి, ఇది చదవడానికి వీల్లేదని సున్నా వేశారు. అది చూసి మా నాన్న, లెక్కలు నీకు రావులే అని చదువు మాన్పించి టైపులో చేర్పించారు. చోటు వదలకపోతే ఏమవుతుందో ఆ రోజే తెలిసింది."

మాస్టారు ఉగ్రుడైపోయారు.

"లెక్క సరిగ్గా ఉంటే సున్నా ఎలా వేస్తాడు? ఇరుగ్గా ఉంటే కళ్లజోడు పెట్టుకుని చదవాలి, పిల్లని పిలిచి అడగాలి! వాడసలు లెక్చరరేనా? ఎవరమ్మా వాడు? ఆ పేరు చెప్పు నాకు."

ఆ అమ్మాయి కవర్ పేజీ ఫైలు తెరిచి, పుస్తకం పేరు కింద కర్సరు పెట్టింది.

"ఇప్పుడు అదే కొట్టబోతున్నాను సార్. కవరు మీద ఎన్ని పాయింట్లలో పెట్టమంటారు?"