కౌన్సిలరమ్మ వాక్యమునకు టీకా తాత్పర్యం

ఉపోద్ఘాతం

టీకా అనే మాట టీ కొట్టులో పుట్టిందని మా వీధి చివర బెంచీ మీద కూర్చునే పెద్దల వాదన. ముప్ఫై ఏళ్ళు బడిపిల్లలకు ప్రతిపదార్థాలు చెప్పి రిటైరైన తెలుగు పండితుణ్ని కనుక ఆ వ్యుత్పత్తిని నేను మొదట్లో ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. పెద్దనకు వ్యాఖ్యాతలున్నారు, రామరాజభూషణుడికి ఉన్నారు. వార్డు మెంబరు నోట వెలువడిన వాక్యానికి మాత్రం ఆ బెంచీ తప్ప దిక్కు లేదు. ఆ కొరత తీర్చడానికే ఈ పూనిక.

ఊరి పేరు అడగకండి. తిరువళ్ళూరు జిల్లాలో ఒక పురపాలక సంఘం, అందులో ఒక వార్డు, అందులో ఒక వీధి, ఆ వీధి మలుపులో ఒక మోరీ. అంతవరకు చాలు. మూలకర్తను బయటపెట్టి వీధిలో పడేయడం టీకాకారుడి ధర్మం కాదు. వీధిలో ఇప్పటికే నీళ్ళున్నాయి.

మూలం

“తీర్మానం పాసయిపోయింది సార్, ఫండు రానీండి, చూద్దాం.”

సందర్భం

తమిళ నెల ఐప్పసి వానలకు మోరీ పొంగి, ఆ నీరు మా గడపల దాకా వచ్చిన పూట ఈ వ్యాఖ్యాత ఫోన్ చేసి “మోరీ సంగతి ఏమైందమ్మా?” అని అడిగాడు. దానికి సమాధానంగా వెలువడినది ఈ వాక్యం.

వక్తృ నిర్ణయం

మూలకర్త ఎవరన్నదాంట్లో మతభేదం ఉంది. తమిళనాడులో స్థానిక సంస్థల సీట్లలో సగం ఆడవాళ్ళకు కేటాయిస్తూ 2016లో చట్టం మారింది. ఆ లెక్కన మా వార్డు కౌన్సిలర్ ఒక అమ్మ. అయితే ఆమె నంబరుకు ఫోన్ చేస్తే ఎక్కువగా ఎత్తేది ఆమె భర్త. వీధిలో ఆయననూ కౌన్సిలర్ అనే పిలుస్తారు. అందువల్ల ఈ వాక్యానికి రెండు పాఠాలు ఏర్పడ్డాయి. ఆయన పాఠంలో చివరి పదం ‘చూస్తాంలే’. ఆమె పాఠంలో ‘చూద్దాం’. మిగతాదంతా అక్షరం తేడా లేదు. రెండూ ఒకటేనని టీ కొట్టు వారి మతం. కాదని మా మతం. ఎందుకు కాదో చివర నిరూపిస్తాం.

ప్రతిపదార్థం

సార్ = ఓ పన్ను కట్టువాడా; తీర్మానం = సభ్యులు బల్ల చరచి ఒప్పుకొన్నది; పాసయిపోయింది = గట్టెక్కినది; ఫండు = పైనుండి దిగవలసిన ధనము; రానీండి = వచ్చుదాక ఓర్చుకొనుడు; చూద్దాం = దీని అర్థము ఇప్పుడే చెప్పరాదు.

విశేషాంశాలు

తీర్మానం: తమిళంలోనూ ఇదే మాట. 1960 ఏప్రిల్ 1న మా తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లాను, ఆంధ్రప్రదేశ్‌ను విడిచి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. మధ్యవర్తి పటాస్కర్ సరిహద్దు గీత గీశాడు, తమిళుల తరఫున మ.పొ. శివజ్ఞానం నడిపిన ఉద్యమం గెలిచింది. ఆ తర్వాత మా కచేరీ కాగితాల్లో మాటలు ఒక్కొక్కటే వేషం మార్చుకున్నాయి. పురపాలక సంఘం నగరాట్చి అయింది, అర్జీ మను అయింది. తీర్మానం ఒక్కటే ఎల్ల దాటినా చొక్కా మార్చుకోలేదు. రెండు ప్రభుత్వాలకూ అంత ఇష్టమైన మాట ఇంకొకటి లేదు కాబోలు.

‘తీరుట మానినది తీర్మానం’ అని బెంచీ వారి వ్యుత్పత్తి. ఇది వినడానికి బాగుంటుంది కాని చరిత్రకు నిలవదు. 1920లో మద్రాసు కార్పొరేషన్‌కు అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ శెట్టి. తెలుగు మాట్లాడే దేవాంగుల బిడ్డ, దాదాపు నాలుగు దశాబ్దాలు కౌన్సిల్లో కూర్చున్నవాడు. థౌజండ్ లైట్స్ దగ్గరి కార్పొరేషన్ బడిలో పిల్లలకు మధ్యాహ్నం టిఫిను పెట్టాలని, ఖర్చు రోజుకు తలకు అణా మించకూడదని ఆ కౌన్సిల్ తీర్మానించింది. ఆ కాగితం కంచంలోకి దిగింది. కనుక తీర్మానం తీరనే తీరదని చెప్పడం శాస్త్రవిరుద్ధం. ఎవరైనా దాని వెంట నడిస్తే తీరుతుంది.

పాసయిపోయింది: ఇది సమాసమా, రెండు వాక్యాలా అని సందేహం. ‘అయిపోయింది’ అని కలిపి చదివితే పని ముగిసినట్టు. ‘పాసయి, పోయింది’ అని విరిచి చదివితే ఎక్కడికో వెళ్ళినట్టు. రెండో అన్వయమే సాధువు. సభలో పాసైన కాగితం ఇంజినీరు దగ్గరికి పోయి ఎస్టిమేట్ అవుతుంది. సాంకేతిక అనుమతికి పోతుంది, పరిపాలనా అనుమతికి పోతుంది. టెండరు పిలుస్తారు, వర్క్ ఆర్డర్ ఇస్తారు, పని జరిగితే కొలతల పుస్తకంలో ఎక్కిస్తారు, అప్పుడు బిల్లు. తిరుత్తణి కొండకు 365 మెట్లు. మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టి డిసెంబరు 31 రాత్రి భక్తులు మెట్లపూజ చేస్తూ ఎక్కుతారు, తెల్లవారితే కొత్త ఏడాదిలో స్వామి ముందు ఉంటారు. మా ఫైలు కూడా మెట్టు మెట్టుకూ ఆగుతుంది. తెల్లవారడం ఒక్కటే తక్కువ.

సార్: వ్యాకరణంలో సంబోధన ప్రథమా విభక్తి, వ్యవహారంలో చల్లార్చే విభక్తి. కోపంగా ఫోన్ చేసినవాడు ఈ ఒక్క మాటకు సగం మెత్తబడతాడు. కౌన్సిలరమ్మ నా దగ్గర ఎనిమిదో తరగతిలో తెలుగు చదువుకుంది. కనుక ఇక్కడి ‘సార్’ అలంకారప్రాయం కాదని ఈ వ్యాఖ్యాత ఆశ.

ఫండు: ఇది రెండు విధాలు. పైనుంచి దిగేది, కింది నుంచి ఎక్కేది. ఆర్థిక సంఘం గ్రాంటు, రాష్ట్ర పథకాల సొమ్ము మొదటి జాతి. ఇంటిపన్ను, నీటి పన్ను, అంగళ్ళ బాడుగ రెండో జాతి. పన్ను ఏడాదికి రెండు అరలుగా కట్టాలి. 2022 ఏప్రిల్‌లో రాష్ట్రమంతటా ఊరిని, ఇంటి వైశాల్యాన్ని బట్టి 25 శాతం నుంచి 150 శాతం దాకా పెంచారు. ఆ నెల టీ కొట్టు బెంచీ మీద ఎవరూ కూర్చోలేదు, అందరూ నిలబడే మాట్లాడారు. పెంచినప్పుడు నిలబడిన వాళ్ళలో అర పన్ను గడువులోగా కట్టినవాళ్ళు ఎందరో ఈ టీకాకారుడు విచారించలేదు. తన రసీదు తేదీ తనకే గుర్తు లేకపోవడం దానికి కారణం.

మూడో జాతి ఒకటుంది. ‘నమక్కు నామే’ అని పథకం పేరు. ‘మనకు మనమే’ అని తెలుగు. జనం కనీసం మూడో వంతు వేసుకుంటే మిగతాది ప్రభుత్వం ఇస్తుంది. మూడో వంతు అనగానే వీధిలో ‘మనం’ అనే సర్వనామం లోపిస్తుంది. దీన్ని లోపసంధి అనవచ్చు.

రానీండి: ‘రానిచ్చు’ ధాతువు. మనం తలుపు తీసి పిలిస్తే వచ్చేది అన్న ధ్వని ఉంది, అది అసత్యం. ఈ పదానికి మహాభాష్యం మా జిల్లాలోనే పారుతోంది. మద్రాసుకు కృష్ణా నీళ్ళు ఇవ్వాలని ఎన్టీ రామారావు, ఎం.జి. రామచంద్రన్ ఒప్పందం చేసుకున్నది 1983లో. కండలేరు నుంచి కాలువ తవ్వుకుంటూ వచ్చి ఊత్తుక్కోట దగ్గర సరిహద్దు జీరో పాయింట్ దాటి, 1944లో కట్టిన పూండి చెరువుకు ఆ నీళ్ళు చేరింది 1996లో. మధ్యలో పదమూడేళ్ళు. అది నది కనుక పదమూడేళ్ళు సరిపోయింది. మాది మోరీ.

ఛందోవిచారణ

వచనమే. గణాలు లేవు, కౌన్సిలర్ వెంట ఒక గణం ఉంటుందన్నది వేరే విషయం. ‘పాసయిపోయింది సార్’ అన్నచోట కామా ఉంది, అక్కడ ఊపిరి తీసుకోవాలి. మా వీధివాళ్ళం రెండేళ్ళుగా అక్కడే తీసుకుంటున్నాం. అలంకారం విరోధాభాస: పాసయిందట, చూడవలసి ఉందట. రసం విప్రలంభం: నాయిక వర్క్ ఆర్డర్, నాయకుడు కాంట్రాక్టరు, చెలికత్తె కౌన్సిలరమ్మ.

పూర్వపక్షం

“ఈ కౌన్సిలర్లు ఎందుకు? అధికారులు చాలరా?” అని పెన్షనర్ల వాదన. దీనికి ప్రత్యక్ష ప్రమాణంతోనే ఖండన ఉంది. 2016 అక్టోబరులో పాత సభల గడువు తీరాక పట్టణాల్లో ఎన్నికలు 2022 ఫిబ్రవరి 19 దాకా జరగలేదు. ఐదేళ్ళ పైచిలుకు ప్రత్యేక అధికారులే ఏలారు. ఆ కాలంలోనూ మోరీ పొంగింది. తేడా ఏమిటంటే, రాత్రి తొమ్మిదికి ఫోన్ చేసి తిట్టడానికి మనిషి లేడు. సోమవారం మను పట్టుకుని తిరువళ్ళూరు కలెక్టరాఫీసు గ్రీవెన్స్ డేకు పోవాలి. అదే ఊళ్ళో వీరరాఘవస్వామి కోనేట్లో అమావాస్యకు బెల్లం వేస్తారు, బెల్లం కరిగినట్టు బాధ కరగాలని మొక్కు. నేను ఆ ఐదేళ్ళలో రెండూ చేశాను. బెల్లం కరగడం కళ్ళారా చూశాను. మను కరిగిందో లేదో ఎవరూ చెప్పలేదు. ‘చూద్దాం’ అనడానికైనా ఒక నోరు ఉండడం చిన్న సంగతి కాదని అప్పుడు తెలిసింది.

చూద్దాం: సిద్ధాంతం

ఇక ముఖ్య పదం. తెలుగుకు, తమిళానికి ఉన్న ఒక సొగసు ఏమిటంటే, వినేవాణ్ని కలుపుకొనే మాట వేరు, వదిలేసే మాట వేరు. మేము, మనం. నాంగళ్, నామ్. ‘చూస్తాంలే’ అన్న భర్తగారి పాఠంలో మేము చూస్తాం, నువ్వు పో అని. ఆ ‘లే’ తలుపు గడియ. ‘చూద్దాం’ అంటే నువ్వూ నేనూ కలిసి చూడడం, మరో అర్థం ఆ రూపానికి కుదరదు. ఇన్నాళ్ళూ మేం దాన్ని వాయిదా అనుకున్నాం. వ్యాకరణం ప్రకారం అది పిలుపు.

చట్టం కూడా ఆ పిలుపే పిలిచింది. వార్డు కమిటీలు, ఏరియా సభల నియమాలు 2022లో వచ్చాయి. ఆ ఏడాది నవంబరు 1న సభలు పెట్టారు. మా వార్డు సభకు ఇరవై ప్లాస్టిక్ కుర్చీలు వేస్తే ఐదుగురం కూర్చున్నాం. ఆ ఐదుగురిలో ఇద్దరు కుర్చీలు బాడుగకిచ్చినవాళ్ళు.

ఉదాహరణం

ఫోన్ చేసిన మర్నాడు ఆరున్నరకు గేటు చప్పుడైంది. కౌన్సిలరమ్మ. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, గొడుగు పట్టుకుని, వెనక గడ్డపారతో శానిటరీ మేస్త్రి. “చూద్దాం రండి సార్” అంది. నేను పంచె ఎగ్గట్టి బయల్దేరాను. మేస్త్రి పలక సందులో గడ్డపార దూర్చి ఎత్తాడు. అడుగున కొబ్బరి చిప్పలు, పాల కవర్లు, ఎవరిదో హవాయి చెప్పు. వాటి మీదుగా పక్క గోడలోంచి వచ్చిన ఒక బూడిదరంగు పైపు, దాని నోట్లోంచి తెల్లటి నురగ. వాననీళ్ళు పోవలసిన మోరీలోకి సబ్బునీళ్ళు. పైపు ఏ ఇంటిదని అడగబోయాను. మా ఇంట్లో వాషింగ్ మెషీన్ గిర్రుమని తిరగడం వినబడింది. మెషీన్ ఆగింది, నురగ ఆగింది.

ఆమె పైపు వైపు చూసింది, నా వైపు చూసింది. “చూశారా సార్?” అంది. అంతే. ‘చూద్దాం’కు భూతకాల రూపం నా శిష్యురాలి దగ్గర ఆ పూట నేర్చుకున్నాను.

ఆ వారమే పెరట్లో ఇంకుడు గుంత తవ్వించి పైపు అటు తిప్పాను. ఖర్చు మూడో వంతు కాదు, మొత్తం నాదే. మోరీ ఇంకా కొత్తది రాలేదు. దాని ఫైలు ఏదో మెట్టు మీద ఉంది. నీళ్ళు మాత్రం గడప దాకా రావడం తగ్గించి మెట్టు కింద ఆగుతున్నాయి.

తాత్పర్యం

ఓ పన్ను కట్టువాడా! సభ ఒప్పుకొన్నది, కాగితం ప్రయాణంలో ఉన్నది, ధనము దిగవలసి ఉన్నది. అంతలో నీవును నేనును పోయి ఆ పలక ఎత్తి చూతము గాక, అని భావము.

ఫలశ్రుతి

ఈ టీకా చదివినవారికి ఏం కలుగుతుందో తెలియదు. రాసినవాడికి కలిగిందిది: ఏరియా సభలో పేరున్నవాళ్ళు తక్కువని వార్డు కమిటీలో నన్ను వేశారు. ఇప్పుడు సాయంత్రం టీ కొట్టుకు పోతే “మోరీ ఏమైంది సార్?” అని బెంచీ నన్నే అడుగుతోంది. నిన్న కూడా అడిగారు. “చూద్దాం” అన్నాను. గొడుగు తీసుకుని లేచాను కూడా. ఇద్దరు నవ్వారు, ఒకాయన మాత్రం గ్లాసు కింద పెట్టి చెప్పులు వెతుక్కున్నాడు.