ఒక మెసేజికి టీకా తాత్పర్యం

మూలం:
“బావా, శనివారం ఆ వహాకా హోటల్‌కి పోదామా? చెఫ్ గారి సొంతమట. మామూలు మెక్సికన్ కాదట. అత్తయ్య కూడా వస్తారు.”

అవతారిక: షికాగో శివారు నేపర్‌విల్‌లో కాపురముంటున్న మా మరదలు గురువారం రాత్రి వాట్సాప్‌లో వెలువరించిన వాక్యచతుష్టయమిది. పైకి సులభం. లోపల పాషాణపాకం.

ప్రతిపదార్థం: బావా = ఓ బిల్లు కట్టువాడా; శనివారం = పార్కింగు దొరకని దినమున; ఆ = ఇదివరలో ఎన్నడూ ప్రస్తావించని; వహాకా = దక్షిణ మెక్సికోలో ఆ పేరుగల రాష్ట్రపు వంటలుండు; హోటల్‌కి = భోజనశాలకు; పోదామా = పోవుట నిశ్చయమైనది.

“ఓక్సాకా” అని పాఠాంతరం. అది స్పెల్లింగును నమ్మినవారి పాఠం. అసాధువు.

వ్యాఖ్య: మూలంలో “అట” రెండుమార్లు వచ్చింది. అట అన్నామె తినలేదు. ఆమెకు చెప్పినామె తిన్నదో లేదో తెలియదు. ప్రత్యక్షం లేదు గనుక శబ్దప్రమాణమే గతి. ఆ శబ్దమైనా ఎవరో ముక్కూమొహం తెలియనివారు వేసిన నాలుగున్నర చుక్కలు.

“చెఫ్ గారి” అన్నచోట షష్ఠి. ఏ సంబంధంలో వచ్చింది? గరిటె సంబంధమా, బోర్డు సంబంధమా? ఇక్కడ పూర్వపక్షి లేచి చెఫ్ గోత్రం అడుగుతాడు: మెక్సికోలో పుట్టినవాడేనా? షికాగోలో ఈ ప్రశ్న చెల్లదు. 1987లో ఈ ఊళ్లో ఫ్రంటెరా గ్రిల్ తెరిచి, మెక్సికోలో ఒక్కో సీమది ఒక్కో వంట అని జనానికి రుచి చూపిన రిక్ బేలెస్ ఓక్లహోమా మనిషి. ఏళ్ల తరబడి మెక్సికోలో తిరిగి నేర్చుకొచ్చాడు. కాబట్టి గోత్రం వదిలి మూకుడు చూడవలె.

“మామూలు మెక్సికన్ కాదట”: గ్రంథమంతా ఇక్కడే ఉంది. మామూలు మెక్సికన్ అనగా మాల్ పక్కన, అన్నిటిమీదా ఒకే పసుపుపచ్చ చీజు కరిగించి పోసేది. వహాకా వంట వేరు. ఆ సీమకు ఏడు మోలేలని ప్రసిద్ధి. మోలే అంటే మిరపకాయలు వేయించి, గింజలూ దినుసులూ చేర్చి నూరి ఉడికించిన చిక్కటి పులుసు. అందులో ఒకదాని పేరు మాంచామాంతెలెస్, అంటే బల్లగుడ్డకు మరకలు చేసేది. తెల్లచొక్కా వేసుకుపోరాదని ధ్వని. నల్లమోలే మరీ చిత్రం. మన తాలింపులో ఎండుమిరప మాడితే ఇల్లంతా దగ్గి, మూకుడు తోమి, మళ్లీ మొదలుపెడతాం. అక్కడ మిరపగింజలు బొగ్గయ్యేదాకా కావాలనే ఆగుతారు. ఆ నలుపే దాని పేరు, దాని ప్రాణం. మిరప పుట్టిల్లు మెక్సికో. పోర్చుగీసువారి ఓడలెక్కి మన దేశానికి కోడలై వచ్చింది. ఇన్నాళ్లకు వియ్యాలవారింటికి పోకపోవడమే తప్పు.

వేయించిన మిడతలు కూడా ఉంటవి. చాపులీనెస్ అందురు. తొలకరిలో ఉసిళ్లు వేయించుకు తిన్న ఊళ్లవారు ముక్కు చిట్లించరాదు.

మరి పరీక్ష ఏది? మెనూలో ఏమున్నదని కాక ఏమి లేదని చూడవలె. ఒక సీమ వంట అని చెప్పి బురీటో, నాచోలు, ఫహీటాలు అన్నీ పెట్టినవాడు, రాయలసీమ రుచులని బోర్డు కట్టి గోబీ మంచూరియా వడ్డించేవాడూ ఒక బడి పిల్లలే. రెండో పరీక్ష టోర్టిల్లా. మొక్కజొన్నను సున్నపునీళ్లలో ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, పొట్టు కడిగి, తడిగా రుబ్బవలె. తాతయ్య తమలపాకుకు రాసుకున్న సున్నమే అది. ఆ పిండితో అప్పుడే కాల్చిన రొట్టెను ముక్కు దగ్గర పెట్టుకుంటే తడిమట్టి వాసనలాంటిది తగులుతుంది. పొట్లం విప్పి వెచ్చబెట్టినదానికి అది రాదు.

“అత్తయ్య కూడా వస్తారు”: ఇది చివర చెప్పిన అసలు మాట. ఆవిడ శాకాహారి. మోలేలో కోడి ఉడికిన నీళ్లు, చిక్కుడుగింజల ముద్దలో పందికొవ్వు ఉండటం ఆ వంటలో మామూలు. “మాంసం లేదు” అని సర్వరు అబద్ధమాడకుండానే అనగలడు. కావున ముందే ఫోను చేయవలె.

చేశాను. టోర్టిల్లా సంగతి అడిగాను. “నిన్న రాత్రి నానబోసిన మొక్కజొన్న ఇప్పుడే రుబ్బుతున్నాం” అంది అవతలి గొంతు. వెనక నిజంగానే ఏదో గరగరలాడుతోంది. కొవ్వు సంగతి అడిగాను. కాస్త ఆగి, లోపలికి వెళ్లి కనుక్కొచ్చి, ఏ రెండు వంటకాల్లో అది లేదో పేర్లు చెప్పింది.

తాత్పర్యం: శనివారం ఆరింటికి, ఐదుగురికి. మరదలికి “సరే” అని పెట్టాను. ఆమె బొటనవేలు గుర్తు పెట్టింది. దానికి టీక లేదు.