కార్డు కచేరీ

మెమరీ కార్డుక్కూడా గొంతుంటుందని తెలియకుండానే ఇన్నేళ్లు బతికేశాను. మా బావమరిది పుణ్యమా అని మొన్న ఆదివారం జ్ఞానోదయమైంది. ఈమధ్య కొందరు చేస్తున్నట్టే వాడూ సొంతంగా ఓ పాటల ప్లేయర్ తయారుచేసుకున్నాడు. బోర్డు, అంకెల్ని ధ్వనిగా మార్చే డీఏసీ చిప్పు, చిన్న తెర, బ్యాటరీ, కార్డు దూర్చే గాడి, అంతే. పాట మధ్యలో ఫోన్ మోగదు, ప్రకటన రాదు. టంకం అక్కడక్కడా ముద్దగా పడినా పని ముచ్చటగా ఉంది. అక్కడితో ఆగితే బాగుండేది.

కుంకుమ భరిణెలోంచి ఇంకో కార్డు తీశాడు. 'ఆడియో గ్రేడ్'ట. "రెండూ విని తేడా చెప్పు బావా" అన్నాడు. మే నెల, బెజవాడ, మధ్యాహ్నం రెండు గంటలు. ఫ్యాన్ ఆపేశాడు. ఆ హోరులో కార్డు సొగసు తెలియదట. కుక్కర్ కూస్తే వాళ్లావిడ మీద కయ్యిమన్నాడు.

పెట్టింది ఘంటసాల పాట. 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్, అంటే సీడీని మించిన హై రెజల్యూషన్ ఫైలు. ఘంటసాల 1974లో పోయారు, సీడీ బజారుకొచ్చింది 1982లో. పాత గ్రామఫోను రికార్డు నుంచి ఎక్కించిన పాట అది. పావు లీటరు పాలు బిందెలో పోస్తే బిందెడవుతాయా? రికార్డు చిటపటలు మాత్రం, ఒప్పుకోవాలి, పకోడీలు వేగినంత స్పష్టంగా వినిపించాయి.

"రెండో కార్డులో గాలి ఎక్కువ లేదూ?" అన్నాడు. గాలి! ఫ్యాన్ ఆపినవాడు అడగాల్సిన మాటేనా?

ఏ తేడా లేదన్నాను. "చెవికి అలవాటు కావాలి బావా" అన్నాడు జాలిగా.

అక్కడ మండింది నాకు. కార్డులో ఉండేవి అంకెలయ్యా! తప్పు దొర్లితే దిద్దుకునే ఏర్పాటు కార్డులోనే ఉంది. చదివిన అంకెలు ముందు బఫర్లో పోగుపడతాయి. అక్కణ్నుంచి క్రిస్టల్ గడియారం వేసే తాళానికే డీఏసీలోకి వెళ్తాయి. అంత లావు ఫైలుకైనా సెకనుకు 1.15 మెగాబైట్లు చాలు. బ్యాంకు ఖాతా లెక్క ఖరీదైన కార్డులో దాస్తే బాలెన్సు పెరుగుతుందా?

ఆడియో గ్రేడ్ కార్డుతో విద్యుత్ రొద తగ్గుతుందట. 2015లో జపాన్‌లో సోనీ ఇదే మాట చెప్పి 64 జీబీ కార్డును సుమారు 18,500 యెన్లకు అమ్మకానికి పెట్టింది. రొదే ఉంటే దాన్ని బోర్డు మీద కొద్ది రూపాయల కెపాసిటర్లతో, సరైన గ్రౌండింగ్‌తో అణచాలి. వాడికది చేతనవును కూడా! చేతనైనవాడి చేతే కార్డు కొనిపించడం వ్యాపారం కాదు, దోపిడీ. వినబడితే కార్డు గొప్ప, వినబడకపోతే మన చెవి లోపం. ఇంతకన్నా సిగ్గుమాలిన బేరం ఉంటుందా?

ఇక ఆ లావు ఫైలు సంగతి. సీడీ స్థాయికి దించిన ధ్వనిని హై రెజల్యూషన్ ధ్వనితో పోల్చి 2007లో అమెరికాలో ఓ పరీక్ష ప్రచురించారు. 554 సార్లు వినిపిస్తే ఏది ఏదో సరిగ్గా చెప్పింది 276 సార్లు. బొమ్మాబొరుసూ వేసినా అంతే వస్తుంది.

జపాన్‌లో పాట బాగా వినబడాలని ఇంటికి సొంత కరెంటు స్తంభం పాతించుకున్నవాళ్లూ ఉన్నారు. మనకు ఉన్న స్తంభంలో కరెంటుంటే చాలు.

ప్లేయర్ చేసుకోండి, తప్పకుండా చేసుకోండి. కార్డు మాత్రం ఫోన్ల కొట్లో దొరికే అసలు సరుకు పెట్టి, మిగిలిన డబ్బుతో మంచి ఇయర్‌ఫోన్లు కొనండి. ఫ్యాన్ వేసుకుని వినండి.